ఊరు ఊరుకున్న అరగంట

మా అక్క చెవుల గురించి నేను చెప్పేదంతా నమ్మనక్కర్లేదు. మూడో వంతు తీసేసి మిగతాది నమ్మండి, చాలు. పంచదార డబ్బాలో చీమలు పోట్లాడుకుంటుంటే పక్క గదిలోంచి విని, మూత తీసి వాటికి సర్దిచెప్పిందని మా మనవలకు చెబుతుంటాను. అది తీసేయవలసిన మూడో వంతులోది. పాలు పొంగే ముందు గిన్నె అడుగున పుట్టే చిన్న సవ్వడిని వీధిగుమ్మంలో కూర్చుని విని, "అమ్మా, పాలు!" అని కేకేసేదన్నది మాత్రం నికరమైన నిజం. మా ఇంట్లో పాలు పొయ్యిపాలు కావడం నేనెరగను.

ఆ చెవులకు ఊళ్లోని నీళ్ల ఆఫీసు జీతమిచ్చింది. నేలను వినడం ఆమె ఉద్యోగం. చేతిలో నాలుగున్నర అడుగుల కర్ర ఉండేది. ఒక కొసకు ఇనప మొన, రెండో కొసకు చెవి ఆనించుకోవడానికి సాసరంత చెక్కబిళ్ల. మొనను కుళాయి మీదో, పైపు పోయే దారిలో నేల మీదో నిలిపి, బిళ్లకు చెవి ఆనించి కళ్లు మూసుకునేది. పైపు బాగుంటే ఏమీ వినబడదు. ఎక్కడైనా కారుతుంటే సన్నగా, ఎవరో పళ్ల సందున ఊపిరి వదులుతున్నట్టు ఉంటుందట. ఆ చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచి, బాగా పెరిగిన చోట సుద్దముక్కతో అడ్డగీతలు రెండు గీసేది. కూలీలు అక్కడ తవ్వేవారు. ముప్ఫై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఏడుసార్లు గురి తప్పింది. ఆ ఏడూ తవ్వినవాళ్ల తప్పేనని ఇప్పటికీ వాదిస్తుంది.

ఆ కర్ర ఆమె చేతికి వచ్చింది పంతొమ్మిదో ఏట. మా వీధిలో పైపు పగిలిందని నీళ్ల ఆఫీసు పెద్దమేస్త్రి మనుషులను వెంటబెట్టుకొచ్చి తవ్విస్తున్నాడు. మా అక్క బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది.

"తాతా, అక్కడ కాదు. రెండిళ్ల అవతల."

"నీకెవరు చెప్పారే?"

"కుళాయి చెప్పింది."

"కుళాయి నాతో మాట్లాడక ముప్ఫై ఏళ్లయింది, నీతో మాట్లాడిందా?" అని ఆయన నడుం లోతు తవ్వించాడు. పొడిమట్టి వచ్చింది. మరో గజం జరిగి తవ్వించాడు. మళ్లీ పొడిమట్టే. చివరికి పరువు పక్కన పెట్టి రెండిళ్ల అవతలికి వెళ్తే మోకాటి లోతులోనే నీళ్లు చిమ్మి ఆయన మీసాలు తడిపాయి. ఆయన మీసాలు పిండుకుని, కర్ర మా అక్క చేతిలో పెట్టి, "రేపు పొద్దున్న రా" అన్నాడు. ఆనాటి నుంచి ఊరందరికీ ఆమె చెవులక్క. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా చెవులక్క అనే పిలిచేవారు.

అలాంటి చెవులున్న మనిషికి దేవుడు వెతికి వెతికి మా బావను కుదిర్చాడు. బావ చరిత్ర మాస్టారు. బళ్లో పీరియడు నలభై నిమిషాలూ ఆయనకు గొంతు సవరించుకోవడానికే సరిపోయేవి. పాఠం ఇంటికొచ్చి చెప్పేవాడు. ఏ నాగరికతైనా మూడు మెట్లు దిగి చస్తుందని ఆయన సిద్ధాంతం. ముందు నీళ్లు పోతాయి, తర్వాత ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం పోతుంది, ఆ తర్వాత మనుషులు పోతారు. మన నాగరికత రెండో మెట్టు మీద కాలు పెట్టిందని ఇరవై రెండేళ్లుగా ఒక పుస్తకం రాస్తున్నాడు. అప్పటికి పదకొండు వందల పేజీలయ్యాయి. ఊళ్లో ఆయన్ని ప్రళయం మాస్టారు అనేవారు. రాసే ప్రతి వాక్యాన్నీ పైకి అంటూ రాయడం ఆయన అలవాటు. అంటున్నట్టు ఆయనకు తెలియదు.

"బావ మాటలు ఎలా భరిస్తున్నావే?" అని ఒకసారి అడిగాను.

"ఇంటికి రాగానే కర్ర మూల పెడతాను, చెవులు కూడా దాని పక్కనే పెట్టేస్తానురా" అంది.

నవ్వుకున్నాను. ఆ మాటలో ఏముందో తర్వాత తెలిసింది.

నేను చెప్పబోయేది జరిగి ఇరవై తొమ్మిదేళ్లయింది. అక్క ఉద్యోగంలో ముప్ఫై నాలుగో ఏడు నడుస్తోంది. వరుసగా రెండేళ్లు వాన ముఖం చాటేసింది. ఊరికి నీళ్లిచ్చే జలాశయం అడుగు కనబడుతోంది. పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా మాత్రమే నీళ్లు వదిలేవారు. వింత ఏమిటంటే, జలాశయంలోంచి వంద బిందెలు వదిలితే ఊళ్లో అరవై బిందెలే తేలుతున్నాయి. మిగతా నలభై ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు.

ఊరి చివర గుట్ట ఉంది. గుట్ట మీద నాలుగు వందల పన్నెండు ఇళ్లు. కింద నీళ్లు తగ్గితే ముందు పైవాళ్ల కుళాయిలే ఎండుతాయి కదా. వారంలోగా ఆ నలభై బిందెలు దొరక్కపోతే వచ్చే ఆదివారం నుంచి గుట్ట పైపు శాశ్వతంగా మూసేస్తామని ఇంజనీరు నోటీసు అంటించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న నీళ్లతో కిందివాళ్లనైనా కాపాడదామనుకున్నాడు. ఆ గుట్ట మీదే అక్క కూతురు కాపురం. ఆరు నెలల కవలలు. ఆ ఇద్దరూ కలిసి రోజుకు ఎన్ని గుడ్డలు తడిపేవారో చెబితే మీరు మళ్లీ మూడో వంతు తీసేస్తారు.

నోటీసు పడ్డ ఆదివారం సాయంత్రమే మేనకోడలు కిందికొచ్చింది. "అమ్మా, ఆయన అట్టపెట్టెలు తెచ్చారు. సర్దేస్తున్నాం."

"శనివారం దాకా ఆగు."

"ఆగితే నీళ్లొస్తాయా?"

"ఆగితే నేనింకా వెతుకుతాను."

"పదకొండు రోజుల్నుంచి వెతుకుతూనే ఉన్నావుగా!"

నిజమే, అక్క వెతుకుతూనే ఉంది. ఆమె తిరగని వీధి లేదు. కానీ ఊరు మునుపటి ఊరు కాదు. నీళ్లు వదిలే ఆ రెండు గంటల్లోనే పిండిమర, రంపాలు, బస్సులు, రేడియోలు, అన్నీ ఒక్కసారిగా మోగుతాయి. కర్రకు చెవి ఆనిస్తే ఊరంతా వినబడుతుంది, నీళ్లు తప్ప.

బావ మాత్రం దిగులును పట్టుబట్టలా కట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. "నేను చెప్పలేదూ? ముందు నీళ్లు పోతాయి..."

"మీరు పోతాయంటారు, నేను కారుతున్నాయంటాను" అంది అక్క. "పోయినవాటికైతే కూర్చుని ఏడవాలి. కారేవాటికి కట్టు కట్టాలి. రెండూ ఒకటే పని కాదండీ."

బావకు ఆ కరువులోనూ ఒక్క సంతోషం మిగిలింది. పెరట్లో గుమ్మడిపాదు. ఊళ్లో గడ్డిపోచ మొలవని రోజుల్లో ఆ పాదు గోడెక్కి, గోడ దిగి, పక్కవాళ్ల పెరడు కూడా చూసొచ్చింది. ఒక కాయ మీద నేను కూర్చుని పేపరు చదివితే కాళ్లు నేలకు అందలేదు. "ఏం పోస్తున్నావు బావా?" అంటే, "వంటింట్లో కడిగిన నీళ్లు చెంబెడు. మిగతాదంతా ప్రాచీనుల ఎరువు పద్ధతి" అని ఒక అధ్యాయం చెప్పేవాడు. అందరం నమ్మాం. పండించినవాడికి తెలియదా అనుకున్నాం.

సోమవారం అక్క ఇంజనీరు దగ్గరికెళ్లింది. వెంట నేనూ ఉన్నాను.

"సార్, శనివారం పదకొండింటి నుంచి అరగంట ఊరు ఊరుకుంటే కారే చోటు పట్టుకుంటాను."

"రాత్రిపూట వినొచ్చుగా అమ్మా? అప్పుడెలాగూ సద్దు ఉండదు."

"రాత్రి కూడా వదిలేటన్ని నీళ్లు లేవుగా సార్. పైపులో నీళ్లు లేనప్పుడు చప్పుడెక్కడిది?"

ఇంజనీరు నవ్వాడు. "ఇంతమంది నోరు మూయించడం ఎవరి తరం అమ్మా?"

"ఎవరైనా అడిగారా సార్?"

ఆయన నవ్వు ఆపి, "అడగండి" అన్నాడు.

నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. పిండిమర యజమాని వెంటనే ఒప్పుకున్నాడు, వాళ్లత్తగారిల్లు గుట్ట మీదట. వడ్రంగులు రంపం దించుతామన్నారు. బస్సులను ఊరి బయటే నిలుపుతామని డిపో మేనేజరు కాగితం మీద రాసిచ్చాడు. ఒకింట్లో మొగుడూ పెళ్లాలు మొహమొహాలు చూసుకుని, "మేం రోజూ పోట్లాట పదకొండింటికే మొదలుపెడతామండీ" అన్నారు. "శనివారం పదకొండున్నరకు మొదలుపెట్టండి. ఆ అరగంటలో బాగా గుర్తు చేసుకోవచ్చు" అంది అక్క.

కాన్వెంటుకు నన్ను ముందు నడవమంది, నేను చదివింది అక్కడే కాబట్టి. ఆరు వందల మంది పిల్లలు అరగంట గమ్మున ఉండాలని చెప్పాను. ముసలి సిస్టరు కళ్లజోడు సవరించుకుని నన్ను గుర్తుపట్టింది. "పదేళ్లు చదివావు. అయిదు నిమిషాలు ఊరుకున్న రోజు లేదు. నువ్వా అడుగుతున్నది?" అని, నా చెవి పట్టుకోవడానికి చెయ్యెత్తి, బట్టతల చూసి మానుకుంది. ఒప్పుకుంది.

చిక్కు వచ్చింది రేడియోల కొట్టువాడితో. "చెవులక్కా, ఇంత పెద్ద ఊళ్లో నా ఒక్క రేడియోతో ఏమవుతుంది?" అన్నాడు. అక్క వాదించలేదు. అతన్ని మూడో వీధి కుళాయి దగ్గరికి నడిపించి, కర్ర ఆనించి, బిళ్లకు చెవి పెట్టమంది. అతను పెట్టాడు. మొహం రంగు మారింది. "ఇది... నా రేడియోనే!" అన్నాడు. అతని కొట్టు పాట నేలలో దిగి మూడో వీధి పైపులో పాడుతోంది. శనివారం కొట్టే తెరవనన్నాడు.

శుక్రవారం సాయంత్రం బావ నాతో పందెం కాశాడు. "ఏమయ్యా బావమరిదీ, రాసుకో. పది నిమిషాలు. ఆ తర్వాత ఎవడో ఒకడు మొదలెడతాడు. ఒక్కడు చాలు. నాగరికతలు కూలేది ఆ ఒక్కడి వల్లే."

"ఓడితే?"

"ఆఖరి అధ్యాయం మళ్లీ రాస్తాను."

శనివారం పదకొండింటికి కాన్వెంటు గంట ఒక్కసారి మోగి ఆగింది. ఆ తర్వాత జరిగినదాన్ని పెంచి చెప్పడం నా వల్ల కూడా కాదు. ముందు పిండిమర ఆగింది. తర్వాత రంపాలు. ఎక్కడో ఒక తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు. నేను యాభై ఏళ్లుగా ఉన్న ఊరే, మొదటిసారి చూస్తున్నట్టుంది. జనం గుమ్మాల్లో నిలబడి పెదాల మీద చేతులు పెట్టుకున్నారు. ఒకాయనకు తుమ్ము వస్తే భార్య దిండు తెచ్చి మొహం మీద అదిమింది. దూరంగా కాన్వెంటు కిటికీల్లో ఆరు వందల తలలు కనబడుతున్నాయి, ఒక్క గొంతు లేదు. పిల్లలకు ఊరుకోవడం రాదని ఎవరన్నారో గాని, వాళ్లకు కారణం చెప్పి చూడలేదు.

అక్క గుట్ట మొదట్లో ఉన్న వాల్వు దగ్గర మొదలుపెట్టింది. నేను సుద్దముక్క పట్టుకుని చెప్పులు విప్పి వెనకాల నడిచాను. మొదటి చోట తల అడ్డంగా ఊపింది. రెండో చోట ఆగింది. మూడో చోట కనుబొమలు ముడిపడ్డాయి. వేలెత్తి దారి చూపించింది. నాలుగు రోడ్ల కూడలి దాటాం. చప్పుడు పెరుగుతోందని ఆమె అడుగుల వేగం చెబుతోంది. ఆఖరికి ఒక వీధిలోకి తిరిగి, ఒక ఇంటి ముందు కర్ర నిలిపి చాలాసేపు విన్నది. నీళ్ల ఆఫీసు పటం ప్రకారం పైపు వీధి మధ్యలో పోవాలి. చప్పుడు మాత్రం గోడ అవతలి నుంచి వస్తోంది.

ఆమె మొహం పాలిపోయింది. నా చెవిలో గొణిగింది. "ఒరేయ్... ఇది మా ఇల్లే కదరా."

అప్పుడు గమనించాను. ఊరు మొత్తం మీద ఒకే ఒక్క గొంతు వినబడుతోంది. ఆ ఇంట్లోంచే. ఆ పూట బడికి సెలవు పెట్టిన బావ వెనక గదిలో, పెరటి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని రాస్తున్నాడు. "...చిట్టచివరికి ఏ ఒక్కడి గొంతో ఆ నిశ్శబ్దాన్ని భగ్నం చేసి తీరుతుంది, కామా, చరిత్ర మనకు నేర్పేది ఇదే..."

గడియారం చూశాను. పదకొండూ పదిహేడు.

ఇద్దరం లోపలికి వెళ్లాం, అక్క పెదాల మీద వేలు పెట్టింది. బావ తెల్లబోయాడు. "నేనెక్కడ మాట్లాడుతున్నాను? రాసుకుంటున్నాను!"

"బావా" అన్నాను మెల్లగా, "ఊరంతటికీ వినబడుతున్నది నువ్వొక్కడివే."

బావ నోరు తెరిచాడు. గొంతు తడుముకున్నాడు. కలం కింద పెట్టాడు. నోరు మూసుకున్నాడు.

కాపురానికొచ్చిన ముప్ఫై ఏళ్లలో మొదటిసారి మా అక్క తన ఇంటిని విన్నది.

ఆమె పెరటి గుమ్మంలో కర్ర ఆనించింది. రెండడుగులు ముందుకు. మరో రెండు. కర్ర మొన గుమ్మడాకుల మధ్య దిగింది. చెవి ఆనించిన మరుక్షణం కళ్లు తెరిచి బావ వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు చూశారా, ఆ సామెతకు అసలు అర్థం నాకు ఆ పూట కళ్లారా కనబడింది. బావ రెండు చేతులూ నిజంగానే భుజాల మీదకు వెళ్లాయి.

మట్టి మీద సుద్ద గీత పడదు కదా. అక్క అన్నిటికన్నా పెద్ద కాయ మీద అడ్డగీతలు గీసింది. కానీ కేకలేయలేదు. ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. చోటు దొరికిందని ఊరికి తెలియదు, అయినా ఊరు మాట మీద నిలబడింది. ఆ ఎనిమిది నిమిషాలూ అక్క పాదు చుట్టూ విని విని ఖాయం చేసుకుంది. పదకొండున్నరకు గంట మోగగానే పుట్టిన మోత, నా మనవల మీద ఒట్టు, పక్క ఊరిదాకా వినబడింది.

కూలీలు పారలతో వచ్చారు. "కాయలు...?" అన్నాడు బావ నీరసంగా.

"మీరే కోసేయండి" అంది అక్క.

ఒక్కొక్క కాయనూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వరండాలో పడుకోబెట్టాడు. తర్వాత చొక్కా విప్పి, ఒక కూలీ చేతిలోంచి పార తీసుకున్నాడు. అంత లోతున ఆయన ఏదైనా తవ్వడం పుస్తకాల బయట అదే మొదలు. నడుం లోతున పాత ఇనప పైపు బయటపడింది. ఆ ఇళ్లు కట్టకముందు వేసిన పైపు, పటం గీసినవాడు వీధిలో గీశాడు. అతుకు దగ్గర నా పిడికిలి పట్టేంత పగులు. కిందనే ఎప్పుడో పూడ్చేసిన బావి. నీళ్లన్నీ అందులోకి దిగిపోతుంటే పైకి తడి కూడా తేలలేదు. పాదు వేళ్లకు మాత్రం తెలుసు.

అక్క గట్టు మీద కూలబడింది. "ముప్ఫై నాలుగేళ్లు ఊరంతా విన్నాను. దీపం కింద చీకటి చూసుకోలేదు. ఆ గుట్టవాళ్లకు ఏ మొహం చూపించను?"

"నీ మొహం కాదు, నా నోరు చూపించు" అన్నాడు గోతిలోంచి బావ. అంత చిన్న వాక్యం ఆయన అంతకుముందు చెప్పగా నేను వినలేదు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను. ఊరు నెలనెలా ఒక శనివారం అరగంట ఊరుకోవడం అలవాటు చేసుకుంది. అలా ఇంకా తొమ్మిది చోట్లు దొరికాయి. వంద బిందెలకు ఎనభై ఏడు తేలాయి. మిగతా పదమూడూ ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అక్కకిప్పుడు ఎనభై రెండు, కుడి చెవి సెలవు పెట్టింది. ఎడమది డ్యూటీలోనే ఉంది. బావ ఆఖరి అధ్యాయం మళ్లీ రాస్తూనే ఉన్నాడు. "పది నిమిషాలన్నాను, పదిహేడయ్యాయి, ఒప్పుకుంటాను" అంటాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని మంచు కరుగుతోందనీ అడవులు కాలుతున్నాయనీ సముద్రం ఎక్కడో గుమ్మం దాకా వచ్చిందనీ చదివి, "ఇది ఊరు కాదోయ్, ప్రపంచం" అని నిట్టూరుస్తాడు. అక్క కూర తరుగుతూ, "ఎక్కడ కారుతోందో పేపర్లోనే వేశారుగా. మాకు ఆ మాత్రం ఆచూకీ కూడా లేదు. ఇంక తవ్వడమేగా?" అంటుంది. నేను అక్క పక్షం. పందెం గెలిచినవాణ్ని మరి.

ఆ శనివారం సాయంత్రానికి పగులు చుట్టూ రబ్బరు పట్టీ వేసి, ఇనప బద్దీలు బిగించారు. అయిదింటికి ఇంజనీరు గుట్ట పైపులోకి నీళ్లు వదిలించాడు. మేం ముగ్గురం ఇంట్లో ఫోను వంక చూస్తూ కూర్చున్నాం. బావ ఒళ్లంతా మట్టి. అయిదూ ఇరవైకి ఫోను మోగింది. మేనకోడలు.

"అమ్మా! కుళాయి దగ్గుతోంది!"

"ఫోను దాని దగ్గర పెట్టు."

పెట్టింది. అక్క రిసీవరు చెవికి అదుముకుని కళ్లు మూసుకుంది. వెనక కవలలు ఏడుస్తున్న ఏడుపు నాక్కూడా వినబడుతోంది. ఆమె వింటున్నది అది కాదు.

"అది గాలి" అంది. "బిందె పెట్టకు, పోనీ... పోనీ... ఊఁ, ఇప్పుడు పెట్టు."

గుట్ట మీద బిందెలో నీళ్లు పడిన చప్పుడు గది అవతలున్న బావకు కూడా వినబడింది. ఏదో అనబోయాడు. అక్క వైపు చూసి, ఆమె రిసీవరు దించేదాకా ఆగాడు.

"ఆ అట్టపెట్టెలు విప్పెయ్యమని చెప్పు" అన్నాడు.